తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీలు

మా అపార్ట్‌మెంట్ యజమానుల సంఘానికి నేను కార్యదర్శినైన తీరును ఎన్నిక అనడం కొంచెం అతిశయోక్తే అవుతుంది. సర్వసభ్య సమావేశంలో ఆ పదవికి ఎవరూ ముందుకు రాక అందరూ నేల చూపులు చూస్తున్న సమయంలో, వెనక వరుసలో నుంచి ఎవరో "మీరు రిటైరయ్యారు కదండీ, ఖాళీయే కదా" అన్నారు, చప్పట్లు మోగాయి, పని అయిపోయింది. మర్నాడు సాయంత్రం పాత కార్యదర్శి గారు ఒక గుడ్డసంచి తెచ్చి మా ఇంట్లో పెట్టి వెళ్లారు. అందులో ఒక రబ్బరు స్టాంపు, రెండు చెక్కు పుస్తకాలు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్సు, మూలలు మడతలు పడిన బైలాస్ (సంఘం నియమావళి) ప్రతి, అట్టకు నల్ల కాలికో అంటించిన పొడుగాటి తీర్మానాల పుస్తకం ఉన్నాయి.

ఆ రాత్రి పుస్తకం తెరిచి చూసినప్పుడు మొదట నాకేమీ అర్థం కాలేదు. చాలా పేజీల్లో పైన తేదీ ఉంది, కింద హాజరైన సభ్యుల సంతకాలు ఉన్నాయి, మధ్యలో మాత్రం ఒక్క అక్షరం లేదు. ఆయన్ని అడిగితే ఏ మాత్రం తడుముకోకుండా, "అవసరం పడినప్పుడు రాసుకోవచ్చని వదిలానండీ, బ్యాంకువాళ్లు ఏదో ఒకటి అడుగుతుంటారు కదా" అన్నారు. ఆయన మాటల్లో కపటం లేదు, ఆయన ఖాతాల్లో ఒక్క రూపాయి తేడా కూడా లేదు. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరు అవతల కూర్చొని, సంఘాల ఖాతాలు తెరిచేటప్పుడు "తీర్మానం కాపీ తీసుకురండి" అన్నది నేనే. ఆ కాపీలను ఫైళ్లలో గుచ్చుతూ పోయానే గానీ, అవి ఎలా తయారవుతాయో ఒక్కసారైనా ఆలోచించలేదు.

కార్యవర్గాలు సంస్థలను ఎలా నడుపుతాయన్న విషయం మీద నాకు ఆసక్తి మొదలైంది ఆ ఖాళీ పేజీల దగ్గరే.

మన భాషలో ఈ బృందానికి పేర్లకు కొదవ లేదు. కాలనీ సంఘానిదైతే కార్యవర్గం, సహకార సంఘానిదైతే పాలకవర్గం, విశ్వవిద్యాలయానిదైతే పాలకమండలి, దేవస్థానానిదైతే ధర్మకర్తల మండలి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఈ పేర్ల బెడదను గుర్తించినట్టే ఉంటుంది. దాని 16వ సెక్షన్ గవర్నర్లు, కౌన్సిల్, డైరెక్టర్లు, కమిటీ, ట్రస్టీలు అంటూ వరుసగా చెప్పి, సంస్థ నియమాల ప్రకారం నిర్వహణ ఎవరికి అప్పగించారో వారే దాని పాలక బృందం అని తేలుస్తుంది. ఆ వాక్యంలో బరువంతా 'అప్పగించారో' అన్న మాట మీదే ఉంది. అధికారం కార్యవర్గంలో పుట్టదు. సభ్యులు నియమావళి ద్వారా అప్పగిస్తే వస్తుంది, అప్పగించినంత మేరకే వస్తుంది. సహకార సంఘాలవాళ్లు సర్వసభ్య సమావేశాన్ని 'మహాజన సభ' అంటారు. పాలకవర్గం కంటే పైన ఉన్నది ఎవరో ఆ పేరే చెబుతుంది కనుక, నాకు ఆ మాటంటే ఇష్టం.

దీని నుంచి వచ్చే రెండో సంగతి చాలామంది కార్యవర్గ సభ్యులకే తట్టదు. కార్యవర్గం అనేది ఎనిమిది మందో పది మందో మనుషుల పేర్ల జాబితా కాదు. నోటీసు అందుకొని, కోరం (సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) నిండి, ఒకచోట కూర్చొని, ఎజెండా ప్రకారం చర్చించి, నిర్ణయాన్ని రాసిపెట్టినప్పుడు మాత్రమే అది కార్యవర్గం. లేచి ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిన తర్వాత వాళ్లు మామూలు సభ్యులే. అధ్యక్షుల వారు లిఫ్టు దగ్గర నిలబడి వాచ్‌మన్‌కు చెప్పిన మాట అధ్యక్షుల మాట అవుతుంది గానీ సంఘం నిర్ణయం కాదు. కోశాధికారి ఫోనులో ప్లంబరుకు ఒప్పుకొన్న రేటు కోశాధికారి ఒప్పుకొన్న రేటే. కార్యవర్గం తీర్మానం ద్వారా ముందుగా వాళ్లకు ఒక పరిమితి వరకు అధికారం ఇచ్చి ఉంటే, అప్పుడు లెక్క మారుతుంది. మా సంఘంలో అలాంటి తీర్మానం ఒక్కటీ లేకుండానే ఏళ్ల తరబడి అన్నీ జరిగిపోయాయి. చాలా సంఘాల్లో అలాగే జరిగిపోతుంటాయి. మనుషులు మంచివాళ్లయినంత కాలం బయటపడదు.

ఈ సూత్రాన్ని కంపెనీల చట్టం చాలా కచ్చితంగా పట్టుకుంది. 2013 చట్టం ప్రకారం మామూలుగా డైరెక్టర్ల బోర్డు ఏడాదికి కనీసం 4 సార్లు సమావేశం కావాలి, రెండు సమావేశాల మధ్య ఎడం 120 రోజులు దాటకూడదు, నోటీసు కనీసం 7 రోజుల ముందు పంపాలి. మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కోరం. మినిట్స్ (సమావేశంలో జరిగినదాని నమోదు) 30 రోజుల్లోగా పుస్తకానికి ఎక్కాలి, ఆ పుస్తకం పేజీలకు వరుస సంఖ్యలు ఉండాలి. పేజీ సంఖ్యల గురించి కూడా పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చిందంటే, మా పాత కార్యదర్శి గారి పద్ధతి దేశంలో కొత్తదేమీ కాదని తెలుస్తోంది.

ఇక్కడ వాట్సాప్ గురించి ఒక మాట చెప్పాలి. ఈ రోజుల్లో సంఘాల నిర్ణయాల్లో ఎక్కువ భాగం గ్రూపులోనే జరిగిపోతున్నాయి. ఒకరు ప్రతిపాదన పెడతారు, నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు, మిగతావాళ్లు చూసి ఊరుకుంటారు, సాయంత్రానికి "అందరూ ఒప్పుకున్నారు" అని తేలుతుంది. సమావేశం లేకుండా కాగితాన్ని అందరికీ తిప్పి ఆమోదం తీసుకునే పద్ధతిని కంపెనీల చట్టం కూడా ఒప్పుకుంటుంది, కానీ కొన్ని కట్టుబాట్లతో. ముసాయిదా ప్రతి డైరెక్టరుకూ చేరాలి, మెజారిటీ స్పష్టంగా ఆమోదించాలి, మూడో వంతు మంది 'దీన్ని కూర్చొని మాట్లాడాలి' అంటే సమావేశంలో పెట్టాలి, ఆమోదం పొందిన దాన్ని తర్వాతి సమావేశం మినిట్స్‌లో చేర్చాలి. మౌనాన్ని అంగీకారం కింద జమ వేసే ఏర్పాటు అందులో లేదు. నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు గ్రూపులో వచ్చిన ప్రతి ప్రతిపాదన కిందా "తర్వాతి సమావేశం ఎజెండాలో చేర్చాను" అని రాసేవాణ్ణి. కొంతమంది నాకు 'ఎజెండా గారు' అని పేరు పెట్టారని తర్వాత తెలిసింది.

ఎజెండా అంటే నాకింత పట్టింపు రావడానికి కారణం లేకపోలేదు. అన్ని నోటీసుల్లోనూ చివరి అంశంగా 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' అని ఒక వరుస ఉంటుంది. చూడటానికి నిరపాయకరంగా కనిపించే ఆ వరుసలో నుంచే పెద్ద పెద్ద నిర్ణయాలు లోపలికి దూరుతాయి. నేను పదవిలోకి రాక మునుపు మా లిఫ్టు మార్పిడి అలాగే జరిగింది. ఆ నాటి నోటీసులో నీళ్ల ట్యాంకర్ల బిల్లు, వినాయక చవితి చందా, పార్కింగు గీతలు, చివరన 'ఇతర విషయాలు' ఉన్నాయి. మొదటి మూడింటి మీద గంటన్నర చర్చ జరిగింది. చందా దగ్గర గొంతులు కూడా లేచాయి. భోజనాల వేళకు సగం మంది వెళ్లిపోయాక, ఇతర విషయాల కింద లిఫ్టు మార్చాలన్న ప్రతిపాదన వచ్చి పది నిమిషాల్లో ఆమోదం పొందింది. కార్పస్ నిధిలో, అంటే పెద్ద ఖర్చుల కోసం సంఘం దాచిపెట్టిన మూలధనంలో, పెద్ద భాగం దానికే పోయింది. లిఫ్టు నిజంగానే పాతబడింది, మార్చాల్సిందే. కానీ రెండో కొటేషను తెప్పించారా అని అడగాల్సిన మనిషి ఆ రోజు ఊళ్లో లేడు. నోటీసులో లిఫ్టు మాట ఉండి ఉంటే ప్రయాణం వాయిదా వేసుకునేవాడినని నాతో అన్నాడు. చిన్న మొత్తం మీద ఎక్కువసేపు, పెద్ద మొత్తం మీద తక్కువసేపు మాట్లాడటం మన సంఘాలన్నింటికీ ఉన్న అలవాటు. చందా గురించి అందరికీ అభిప్రాయం ఉంటుంది, లిఫ్టు గురించి ఎవరికీ తెలియదు కాబట్టి అలా జరుగుతుందని నా అనుమానం. నేను వచ్చాక చేసిన మొదటి పని, ఫలానా మొత్తానికి మించిన ఖర్చేదీ 'ఇతర విషయాలు' కింద చర్చకు రాకూడదని తీర్మానం పెట్టించడం. అది కూడా, నోటీసులో ముందే రాసి.

నిర్ణయించేవారు, అమలు చేసేవారు ఒకరే కావాలా, వేరువేరుగా ఉండాలా అన్న ప్రశ్నకు మన దగ్గరే అతి పెద్ద ఉదాహరణ ఉంది. తిరుమల ఆలయ నిర్వహణ 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో, అంటే ఒక్క వ్యక్తి చేతిలో, ఉండేది. మద్రాసు శాసనసభ 1932లో చేసిన తిరుమల తిరుపతి దేవస్థానముల చట్టంతో, ఆ మరుసటి ఏడాది అది ఒక కమిటీ చేతికి, ఆ కమిటీతో పాటు ప్రభుత్వం నియమించే కమిషనరు చేతికి వచ్చింది. పేర్లు, చట్టాలు మారినా ఆ జోడీ ఈనాటికీ నిలిచే ఉంది. ధర్మకర్తల మండలికి అధ్యక్షుడు ఒకరు, అమలు బాధ్యత చూసే కార్యనిర్వహణాధికారి (ఈవో) మరొకరు. మండలి తీర్మానిస్తుంది, ఈవో అమలు చేస్తారు. వారిద్దరి మధ్య పొసగని సందర్భాలు పత్రికల్లో మనం చదువుతూనే ఉంటాం, చదివినప్పుడల్లా ఈ రెండు కుర్చీలు ఎందుకని కూడా అనుకుంటాం. కానీ ఆ రాపిడి ఏర్పాటులోనే ఉంది. ఒకరు రాసిన తీర్మానాన్ని మరొకరు చదివి అమలు చేయాల్సి వస్తుంది కనుక, అది చదవడానికి వీలుగా రాసి ఉండక తప్పదు. మా సంఘంలో తీర్మానం రాసేది నేను, అమలు చేసేది నేను, అమలైందని తర్వాతి సమావేశంలో చెప్పేది కూడా నేనే. నేను ఏం రాసినా, రాయకపోయినా నన్ను అడ్డుకునే ఏర్పాటు ఏదీ లేదు. ఖాళీ పేజీలు పుట్టేది ఇలాంటి చోటే.

ఇక ఏకగ్రీవం సంగతి. 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది' అని రాయడంలో మనకొక తృప్తి ఉంది. పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవాలకు ప్రభుత్వాలు నజరానాలు కూడా ప్రకటించాయి కనుక, ఆ మాటకు సమాజంలో ఉన్న గౌరవం తక్కువేం కాదు. అయితే కార్యవర్గం గదిలో ఆ మాటను నేను అనుమానంగానే చూస్తాను. మా పుస్తకంలో పదకొండేళ్ల తీర్మానాలు తిరగేస్తే, ఒక్క చోట కూడా ఎవరూ కాదన్నట్టు లేదు. సమావేశాల్లో అరుచుకున్న సంగతి అందరికీ తెలుసు, కానీ పుస్తకంలో మాత్రం పదకొండేళ్లు నిండు శాంతి. మొదటిసారి ఒక సభ్యురాలి వ్యతిరేకతను ఆవిడ పేరుతో, కారణంతో సహా నేను రాసినప్పుడు, అధ్యక్షుల వారు నొచ్చుకున్నారు. "బయటివాళ్లు చూస్తే మనలో మనకు పడట్లేదనుకుంటారు" అన్నారు. ఆవిడ మాత్రం ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకొని, ఆ తర్వాత ఏ సమావేశానికీ మానకుండా వచ్చారు. ఓడిపోయిన మాట కూడా పుస్తకంలో నిలుస్తుందన్న నమ్మకం కలిగితే మనుషులు వస్తారు. నిలవదని తెలిసినవాళ్లు ఇంట్లో కూర్చొని గ్రూపులో రాస్తారు.

సంఘంలో తగవు ముదిరితే ప్రభుత్వం వచ్చి చక్కబెడుతుందని చాలామంది అనుకుంటారు. ఆంధ్ర ప్రాంతంలో 1860 చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫసలీ (నిజాం పాలనలో వాడిన సంవత్సర గణన) నాటి చట్టం వేరువేరుగా అమల్లో ఉండేవి. వాటి స్థానంలో 2001లో ఉమ్మడి రాష్ట్రానికంతటికీ ఒకే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది, రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్నే కొనసాగిస్తున్నాయి. కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ నమోదు చేసుకోవచ్చు. కానీ కార్యవర్గ సభ్యుల మధ్య వివాదం వస్తే ఆ చట్టం 23వ సెక్షన్ చూపించే దారి రిజిస్ట్రారు గుమ్మానికి వెళ్లదు. మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళుతుంది. రెండు వర్గాలు రెండు జాబితాలు పట్టుకొని 'అసలు కార్యవర్గం మాదే' అంటే, తేల్చాల్సింది కోర్టే. కోర్టు మొట్టమొదట అడిగేది నోటీసు, హాజరు, మినిట్స్. అప్పుడు ఖాళీ పేజీ మీద ఉన్న సంతకం ఎవరి వైపు సాక్ష్యం చెబుతుందో ఎవరూ ఊహించలేరు.

సహకార సంఘాల్లో పరిస్థితి ఇందుకు తలకిందులు, అక్కడ ప్రభుత్వం చెయ్యి మరీ ఎక్కువ. ఎన్నికైన పాలకవర్గం గడువు ముగిసి, కొత్త ఎన్నికలు జరగకపోతే, ఆ స్థానంలో పర్సన్ ఇన్‌చార్జిలు, అంటే ఎన్నిక లేకుండా నియమితులైన బాధ్యులు, వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలను నామినేటెడ్ త్రిసభ్య కమిటీలు నడపడం రైతులందరికీ తెలిసిందే. 97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గంలో 21 మందికి మించి డైరెక్టర్లు ఉండకూడదని, పదవీకాలం 5 ఏళ్లని, గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని చెప్పింది గానీ, రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదన్న కారణంతో రాష్ట్ర పరిధిలోని సంఘాలకు అది వర్తించదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. దానికి చాలా ముందే, 1995లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం తెచ్చి, ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘాలు తమ వ్యవహారాలు తామే చూసుకునే వీలు కల్పించింది. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఈ విషయం మీద విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడితో ఆపుతాను.

ఇన్ని చట్టాలు చదివాక నాకు పనికొచ్చిన పాఠం మాత్రం మా ఊళ్లో దొరికింది. మా వదిన అక్కడి గ్రామ సమాఖ్యలో చాలా ఏళ్లుగా ఉంది. మహిళా పొదుపు సంఘాలకు పంచసూత్రాలు అని ఉంటాయి: క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వసూళ్లు, పుస్తక నిర్వహణ. ఒకసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు వాళ్ల సమావేశం అరుగు మీద జరుగుతుంటే పక్కన కూర్చొని చూశాను. చదువుకున్న అమ్మాయి తీర్మానం రాస్తోంది. రాసిన వెంటనే పుస్తకం మూయలేదు; అందరికీ వినబడేటట్టు పైకి చదివింది. "నేనన్నది అది కాదమ్మా" అని ఒకావిడ అడ్డుపడింది. కొట్టివేసి, మళ్లీ రాసి, మళ్లీ చదివి, అప్పుడు సంతకాలు తీసుకున్నారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. నేను తర్వాత "మీ రాత చదవలేనివాళ్లు కూడా ఉన్నారు కదా, నమ్మి వేలిముద్ర వేస్తారా" అని వదినను అడిగాను. "చదవలేరు కాబట్టే పైకి చదువుతాం, చదువొచ్చినవాళ్లయితే వినకుండానే సంతకం పెట్టేద్దురు" అంది. ఆమె మా సంఘం గురించి అనలేదు. అయినా నాకు గుచ్చుకుంది.

తిరిగి వచ్చాక మా సమావేశాల్లోనూ తీర్మానాన్ని పైకి చదవడం మొదలుపెట్టాను. సమావేశం పావుగంట పొడుగైంది, ఒకరిద్దరు విసుక్కున్నారు. మూడో సమావేశంలో నేను రాసిన 'ఆమోదించడమైనది' అన్న మాటను 'పరిశీలించాలని తీర్మానించడమైనది' అని కోశాధికారి గారే దిద్దించారు. ఆయన చెప్పిందే నిజం. నేను చర్చను నా ఇష్టం వచ్చిన వైపు కొంచెం జరిపి రాశాను. అలా ఇంతకు ముందు ఎన్నిసార్లు జరిపానో నాకే తెలియదు.

పదవీకాలంలో నేను కూడా ఒకసారి తప్పు చేశాను. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయి, రెండు రోజులు నీళ్లు లేక, కొత్త మోటారు కొని బిగించేసి, తర్వాత వారానికి అందరి సంతకాలు ముందు తీసుకొని తీర్మానం రాద్దామనుకున్నాను. రాశాను కూడా. ర్యాటిఫికేషన్ (జరిగిపోయిన పనికి తర్వాత ఇచ్చే ఆమోదం) అని పేరు పెడితే దానికి ఒక మర్యాద వస్తుంది గానీ, సంతకాలు ముందు, అక్షరాలు తర్వాత అన్నది మాత్రం మా పాత కార్యదర్శి గారి పద్ధతే. ఆ పేజీని చించలేదు. తేదీ పక్కన 'ఖర్చు జరిగిన తర్వాత నమోదు చేసినది' అని ఎర్ర సిరాతో రాసి, కింద నా సంతకం పెట్టాను.

పోయిన నెల పదవి దిగిపోయేటప్పుడు, పాత ఖాళీ పేజీలన్నింటికీ మూల నుంచి మూలకు అడ్డగీతలు గీసి, 'రద్దు' అని రాసి, తేదీ వేసి, కార్యవర్గం ముందు పెట్టి, ఆ అడ్డగీతల మీద కూడా ఒక తీర్మానం చేయించాను. మొత్తం పేజీలకు సంఖ్యలు వేశాను. అదే గుడ్డసంచిలో అదే రబ్బరు స్టాంపుతో పాటు పుస్తకాన్ని పెట్టి కొత్త కార్యదర్శి ఇంటికి తీసుకెళ్లాను. ఆ అబ్బాయి సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ముప్పై అయిదేళ్లుంటాయి. పేజీలు గబగబా తిప్పి, "అంకుల్, ఇవన్నీ స్కాన్ చేసి గ్రూపులో పెట్టేద్దాం, పుస్తకమెందుకు ఇంక?" అన్నాడు. ముందు పేజీలు లెక్కపెట్టి సంతకం పెట్టమన్నాను. నవ్వి, కూర్చొని, లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై ఒకటో పేజీ దగ్గర ఆగాడు. "ఈ ఎర్ర సిరా ఏంటి అంకుల్?" అన్నాడు. మోటారు కథ చెప్పాను.